వెంట పోయినవాని వంతు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఇట్టి శుభసమయమున హత్యలను గూర్చియు, ఉరిశిక్షలను గూర్చియు ప్రసంగించుట యేమని కొందరికి దోచవచ్చును. కాని గ్రంథాలయమునకు వచ్చు పత్రికలలో జనులు మొదట వెదకి చదువునవి ఆ వార్తలే. నలుగురు కుర్రవాండ్రు కలిసి పోయిరి, ఒకడు పొడిచెను, నలుగురిపైనను కేసు పెట్టిరి అను వార్త వచ్చిన దినమున బల్లచుట్టు చేరినవారు రెండు పక్షములై వాదించుకొనుట ఏ గ్రంథాలయమున లేదు? అందరిని ఉరితీయవలెనని ఒక పక్షము. చేయి చేసికొన్నవాడొక్కడే గదా, తక్కిన పిల్లలేమి చేసిరని రెండవ పక్షము. రెండు పక్షములవారును తీర్పు చెప్పుటకు తొందరపడుదురేగాని, ఆ వెంట పోయినవాడు ఏ పనికి ఒప్పుకొని పోయెనని అడుగువారు అరుదు. ఈ ఉపన్యాసమంతయు ఆ ఒక్క ప్రశ్నను గూర్చియే.

వ్యవహారము తెలిసినవారికి ఉమ్మడి బాధ్యత క్రొత్తది కాదు. ఇద్దరు కలిసి ఒక నోటు వ్రాసియిచ్చిరేని, బాకీ మొత్తమును ఋణదాత ఒక్కనియొద్దనే రాబట్టుకొనవచ్చును. రెండవవాడు రూకలు ముట్టలేదనినను వినబడదు. ఇది కఠినముగా దోచును గాని, దీనికొక విరుగుడు చట్టమే చెప్పినది. మొత్తము చెల్లించినవాడు తన తోడివానియొద్ద వాని వంతు తిరిగి రాబట్టుకొనవచ్చును. లెక్క అక్కడ సరిపోవును.

1860లో వెలువడిన భారత శిక్షాస్మృతి 34వ సెక్షనున ఇట్టి ఉమ్మడి బాధ్యతనే నేరములకు వర్తింపజేసినది. పలువురు తమ అందరి ఉమ్మడి ఉద్దేశ్యమును నెరవేర్చుటకై ఒక నేరము చేసినచో, ప్రతివాడును దానిని తానొక్కడే చేసినట్లు బాధ్యుడగును. ఉమ్మడి ఉద్దేశ్యమను మాట మొదట అందులో లేదు, 1870లో చేర్చిరి. ఆ మాటయే తరువాత కొందరి మెడలనుండి ఉరిత్రాడు తొలగించినది. 2024 జూలై 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 3వ సెక్షనున అయిదవ ఉపవిభాగము. అయిదుగురు లేక అంతకు మించినవారు చట్టవిరుద్ధముగా గుమిగూడినప్పటి బాధ్యత పూర్వము 149వ సెక్షను, ఇప్పుడు 190. అయిదుగురు చేరి బందిపోటు చేయునప్పుడు ఒకడు హత్య చేసినను అందరికిని మరణశిక్షవరకు విధింపవచ్చునను నియమము పూర్వము 396, ఇప్పుడు 310లో చేరినది. అంకెలు మారినవి, పద్ధతి మారలేదు.

అయితే ఇక్కడ నోటు వ్యవహారమునకు లేని చిక్కొకటి కలదు. ఉరికంబమెక్కినవాడు తన వంతునకు మించి చెల్లించినదానిని ఎవరియొద్ద రాబట్టుకొనును?

చట్టము ఇట్లు కఠినముగా నుండుటకు కారణము లేకపోలేదు. 1923 ఆగష్టు 3వ తేదిని కలకత్తా నగరమున శంకారితోల తపాలా కార్యాలయమున సబ్ పోస్టుమాస్టరు వెనుకగదిలో రూకలు లెక్కపెట్టుచుండగా, కొందరు తలుపుకడ నిలిచి సొమ్ము ఇమ్మని గద్దించి పిస్తోళ్లు పేల్చిరి. ఆయన మరణించెను. పట్టుబడినవాడొక్కడు, బరేంద్రకుమార ఘోష్. తాను వెలుపలి ముంగిటిలో నిలిచియుంటినేగాని కాల్చలేదని అతని వాదము. ప్రీవీ కౌన్సిలు దానిని త్రోసిపుచ్చెను. తీర్పు వ్రాసిన సమ్నర్ ప్రభువు మిల్టన్ మహాకవిని స్మరించి, కావలి నిలుచుటయు పనిలో పాలుపంచుకొనుటయే యని నిర్ణయించెను. న్యాయాధిపతికి కావ్యపరిచయ ముండుట మెచ్చదగినదే. కావలివాడు లేనిచో లోపలివాడు ధైర్యముగా పని జరుపుకొనలేడు. కన్నపువానికి నిచ్చెన పట్టినవాడు దొంగ కాడని ఏ పల్లెటూరివాడును చెప్పడు.

వ్యాసమహర్షి ఈ సంగతి ఏనాడో యోచించియున్నాడు. తిక్కన సోమయాజి తెనుగు చేసిన సౌప్తికపర్వమున అశ్వత్థామ నడిరేయి పాండవ శిబిరమున జొరబడి నిద్రించువారిని చంపుచుండగా, కృపుడును కృతవర్మయు వాకిట నిలిచి, ప్రాణభీతితో వెలికి పరుగెత్తుకొని వచ్చినవారిని తెగవేసిరి. కృపుడు మొదట ఈ పని వలదనియే చెప్పెను. చెప్పియు వెంట నడిచెను. 34వ సెక్షను ప్రకారము ముగ్గురికిని ఒకటే శిక్ష. భారతమున అట్లు జరుగలేదు. అశ్వత్థామకు మూడువేల యేండ్లు ఒంటరిగా తిరుగుమని కృష్ణుని శాపము. కృతవర్మను మౌసలపర్వమున సాత్యకి ఈ రాత్రి సంగతినే యెత్తి దెప్పి, తల నఱికెను. కృపుడో, పరీక్షిత్తునకు గురువై గౌరవమున నిలిచెను. పనియొకటే, ఫలములు మూడు. ఇది న్యాయమో కాదో పండితులు తేల్చవలెను. తోడు పోయినవారిని ఒకే గాటికి కట్టివేయుటకు మాత్రము వ్యాసుడు ఒప్పుకొనలేదు.

వారందరును పెద్దవారు. బాలుని మాట వచ్చినచోట వ్యాసుడు మఱింత తెగువ చూపెను. ఆదిపర్వములోని మాండవ్యుని కథ తెలియనివారుండరు. దొంగలు ఆయన ఆశ్రమమున సొత్తు దాచి తామును దాగిరి. మౌనవ్రతమున నున్న ముని బదులు పలుకలేదు. రాజభటులు దొంగలతోపాటు ఆయనను కొఱ్ఱు వేసిరి. గుంపునందు కనబడినంతమాత్రమున శిక్ష పడినవారిలో ఆయనయే మొదటివాడు కాబోలు. తనకీ గతి యేల పట్టెనని ధర్ముని నిలదీయగా, బాల్యమున తూనీగలకు పుల్లలు గ్రుచ్చిన పాపమని సమాధానము వచ్చినది. తెలియని వయస్సున చేసినదానికి ఇంత శిక్షయా యని కోపించి ముని ధర్మునే శపించెను. పదునాలుగేండ్లలోపు చేసినది పాపము కాకుండునట్లు ఆనాడే కట్టడి చేసెను. ఆ శాపమువలననే ధర్ముడు విదురుడై పుట్టెను. బాలుని వయస్సు లెక్కింపని న్యాయాధిపతికే శిక్ష పడిన కథ ఇది.

ఇక చట్టము నడచిన తీరు చూతము. ఇరువురు యువకులు, ఇరువురికిని పందొమ్మిదేండ్లు. ఒకడు సింధునదీ తీరమువాడు, ఒకడు లండను నగర ప్రాంతమువాడు. ఒకని ప్రాణము దక్కెను, ఒకని ప్రాణము పోయెను.

1943 ఆగష్టులో, నేడు పాకిస్తానమున నున్న మియాన్‌వాలీ ప్రాంతమున, అల్లాదాద్ అనువాడు కొందరితో కలిసి పడవపై పోయి నదియొడ్డున రెల్లు కోసికొనెను. ఆ నేల తమదని, కోయవలదని అవతలివారు ముందే హెచ్చరించిరి. వీరు వినక పదునారు మోపులు కట్టుకొని తిరిగి వచ్చుచుండగా, అవతలివారి బంధువొకడు అడ్డగించి మోపులు దింపుమనెను. మాటకు మాట పెరిగినది, కఱ్ఱలు లేచినవి. దెబ్బతిన్నవాడు కేకవేసెను. కేక విని వాలీషా, మహబూబ్‌షా అను ఇద్దరు తుపాకులతో పరుగెత్తుకొని వచ్చిరి. వాలీషా కాల్చిన గుండునకు అల్లాదాద్ నేలకూలెను. మహబూబ్‌షా కాల్చిన గుండు హమీదుల్లా అనువానికి తగిలి స్వల్పగాయము చేసినది. వాలీషా పారిపోయెను. మహబూబ్‌షా దొరకెను. పొలము గట్టుల తగవులు చూచినవారికి ఇందులో వింతయేమియు లేదు. గుప్పెడు రెల్లునకు ఒక ప్రాణము పోవుట ఏ నదియొడ్డుననైనను జరుగునదే.

సెషన్సు న్యాయస్థానము 34వ సెక్షనుతో ముడివేసి మహబూబ్‌షాకు మరణశిక్ష విధించెను. లాహోరు హైకోర్టు దానిని స్థిరపరచెను. 1945లో ప్రీవీ కౌన్సిలు రద్దుచేసెను. ఆ తీర్పు చెప్పినవాడు పూర్వము మదరాసు హైకోర్టు న్యాయమూర్తియైన సర్ మాధవన్ నాయరు. ఆయన చూపిన భేదము సన్ననిదే గాని గట్టిది. ఒకే ఉద్దేశ్యము వేరు, ఒకేవంటి ఉద్దేశ్యము వేరు. ఇద్దరును కేక విని, బంధువును కాపాడుటకు వచ్చిరి. అల్లాదాద్‌ను చంపుదమని ఇద్దరును ముందుగా కూడబలుకుకొన్నట్లు ఋజువేది? పక్కపక్కన నిలిచి తుపాకులు పేల్చినంతనే ఇద్దరి మనస్సులును ఒకటి కావు. తాను కాల్చిన గుండునకు తాను బాధ్యుడు. వాలీషా కాల్చినదానికి బాధ్యుడు కావలెనన్న, ఆ పనికి ఇతడు ముందే సమ్మతించినట్లు చూపవలెను. ఆ తీర్పును ఈ దేశపు న్యాయస్థానములు ఇప్పటికిని ప్రమాణముగా చెప్పుకొనుచున్నవి.

ఏడేండ్లు గడచినవి. 1952 నవంబరు 2వ తేది, ఆదివారము రాత్రి, లండను దక్షిణ భాగమున క్రాయిడన్ అనుచోట ఇద్దరు కుర్రవాండ్రు ఒక మిఠాయి గిడ్డంగి పైకప్పు ఎక్కిరి. క్రిస్టఫర్ క్రెయిగ్‌కు 16 ఏండ్లు, వానికడ రివాల్వరు. డెరిక్ బెంట్లీకి 19. వానికడ క్రెయిగ్ ఇచ్చిన పిడికిలి ఆయుధమొకటి, చిన్న కత్తియొకటి. రెండింటిని వాడు ఎవరిపైనను ఎత్తలేదు. వయస్సు పందొమ్మిదైనను బుద్ధి పదునొకండేండ్ల పిల్లవానిది, చదువు రాదు, మూర్ఛరోగము. పోలీసులు చుట్టుముట్టిరి. డిటెక్టివు ఫెయిర్‌ఫాక్స్ పైకి ఎక్కి బెంట్లీని పట్టుకొనెను. క్రెయిగ్ కాల్చగా ఆయన భుజమునకు గాయమైనది. తరువాత సుమారు పావుగంటకు సిడ్నీ మైల్స్ అను కానిస్టేబులు మెట్ల తలుపు తెఱచుకొని కప్పుమీదికి రాగా, క్రెయిగ్ గుండు ఆయన తలకు తగిలెను. ఆ పావుగంటయు బెంట్లీ పోలీసు వశముననే యుండెను, పారిపోవుటకైనను యత్నింపలేదు.

విచారణయందు ఒక్క మాటపై పోరాటము జరిగినది. మొదటి గుండు పేలకముందు బెంట్లీ తన మిత్రునితో అనినట్లు పోలీసులు చెప్పిన మాటను తెనుగున "ఇచ్చివేయరా వానికి" అని చెప్పుకొనవచ్చును. తెనుగునను దానికి రెండర్థములు. ఆయుధము వానిచేతికి ఇచ్చివేయుమని ఒకటి. వానికి నాలుగు ఇచ్చివేయుమని రెండవది. ఆ మాట అసలు అననేలేదని కుర్రవాండ్రిద్దరును ప్రమాణము చేసిరి. ప్రధాన న్యాయమూర్తి గొడార్డ్ ప్రభువు నేరారోపణవైపు మొగ్గి జూరీకి ఉపదేశించెను. జూరీ 75 నిమిషములలో ఇద్దరిని హంతకులని చెప్పి, బెంట్లీపై దయ చూపుడని కోరెను. కాల్చిన క్రెయిగ్‌కు 18 నిండలేదు గనుక ఉరి లేదు. జైలున నుండి 1963లో విడుదల యయ్యెను. కాల్చని బెంట్లీకి దయ కలుగలేదు. సుమారు 200 మంది పార్లమెంటు సభ్యులు అర్థించినను హోం మంత్రి మాక్స్‌వెల్ ఫైఫ్ కనికరింపలేదు. 1953 జనవరి 28వ తేది ఉదయము వాండ్స్‌వర్త్ జైలున ఉరితీసిరి.

మైల్స్ కానిస్టేబులు తన పని చేయుచు మరణించెను. ఆయన ఇంటివారికి, ఎవరు మీట నొక్కిరి, ఎవరు చూచుచుండిరి అను భేదము ఏపాటి ఓదార్పు? దీనిని మఱచి బెంట్లీకై మాత్రమే కన్నీరు కార్చుట సరికాదు. అయినను సింధు తీరమున అడిగిన ప్రశ్నను క్రాయిడన్ విషయమున ఎవరును సరిగా అడుగలేదు. చేతులు పోలీసుకు చిక్కియున్న పందొమ్మిదేండ్లవాడు, ఆ పావుగంటలో, ఏ పనికి సమ్మతించియుండెను?

బెంట్లీ సోదరి ఐరిస్ ఆ ప్రశ్నను నలుబది నాలుగేండ్లు విడువలేదు. 1993లో రాణి పేర పాక్షిక క్షమాపణ వచ్చినది. 1997లో ఐరిస్ మరణించెను. 1998 జూలై 30వ తేదిని అప్పీలు న్యాయస్థానము, బింగ్హామ్ ప్రభువు అధ్యక్షతన, నాటి ప్రధాన న్యాయమూర్తి జూరీకి చేసిన ఉపదేశమే అన్యాయమని చెప్పి తీర్పును కొట్టివేసెను. సోదరి ఒక్క యేడాదిన్నర బ్రతికియున్నచో విని యుండెడిది.

ఇంగ్లండున వేరొక నేరము చేయుచు మనిషిని చంపినచో అది హత్యయేయను పాత నియమమును 1957లోనే తొలగించిరి. అయినను 1984లో హాంకాంగు నుండి వచ్చిన ఒక అప్పీలులో ప్రీవీ కౌన్సిలు వేరొక ద్వారము తెఱచెను. తోడివాడు చంపవచ్చునని ముందుగా ఊహించియు వెంట నడిచినచో చాలును, హంతకుడే యనెను. ముప్పదిరెండేండ్లు ఎందరో కుర్రవాండ్రు ఆ ద్వారముననే జైళ్లకు పోయిరి. 2016 ఫిబ్రవరిలో జోగీ అనువాని అప్పీలున ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము, చట్టము 1984లో తప్పుదారి పట్టినదని స్పష్టముగా చెప్పినది. ఊహించుట సాక్ష్యము మాత్రమే, ఉద్దేశ్యము కాదు. జోగీని విడిచిపెట్టిరనుకొనరాదు. తిరిగి విచారించి, హత్యకంటె తక్కువదైన ప్రాణహాని నేరమునకు శిక్షించిరి. లెక్క దిద్దుట యనగా కొట్టివేయుట కాదు గదా.

అమెరికాలో ఆ పాత నియమము పలు రాష్ట్రములలో ఇంకను కలదు. ఆర్కన్సా రాష్ట్రమున 1999లో పదునాలుగేండ్ల బాలుడొకడు ఇద్దరు నేస్తులతో వీడియో దుకాణము దోచుటకు పోయెను. ఒకని చేతిలో తుపాకి యున్నదని దారిలోనే తెలిసినది. వీడు చాలసేపు వెలుపలనే నిలిచి, తరువాత లోనికి పోయెను. అప్పుడు నేస్తుడు దుకాణపు ఉద్యోగినిని కాల్చి చంపెను. ఇక్కడను ఒక మాటపై తగవే. బాలుడు ఆమెను బెదరించుచు ఇది ఆట కాదనెనా, లేక నేస్తులతో మీరు ఆటకు చేయుచున్నారనుకొంటిననెనా? జీవితాంతము విడుదల లేని శిక్ష పడినది. వేరొక శిక్ష విధించు స్వేచ్ఛ న్యాయాధిపతికే లేదు. 2012 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు, పదునెనిమిదేండ్లలోపువారికి వయస్సు చూడకుండ తప్పనిసరిగా ఇట్టి శిక్ష వేయుట రాజ్యాంగవిరుద్ధమని నిర్ణయించినది. కుర్రవాడు పెద్దలకంటె నేస్తుల వెంట తేలికగా పోవుననియు, మధ్యలో తిరిగి రాలేడనియు చెప్పుటకు సుప్రీంకోర్టు దాక పోనక్కరలేదు. తిరునాళ్లకు పోయిన కుర్రగుంపును చూచినవారందరికిని తెలిసిన సంగతియే. నలుగురిలో పిరికివాడనిపించుకొనుటకంటె కీడు ఆ వయస్సునకు వేరొకటి తోచదు.

ఈ దేశమున ఈ చర్చ వచ్చినప్పుడు 2012 డిసెంబరునాటి ఢిల్లీ ఘోరమును మరువలేము. నడచుచున్న బస్సులో ఆరుగురు చేసిన అత్యాచారమున ఒక యువతి ప్రాణము పోయెను. ఒకడు విచారణ కాలముననే జైలున మరణించెను. నలుగురిని 2020 మార్చి 20న ఉరితీసిరి. ఆరవవానికి పదునెనిమిదేండ్లు నిండుటకు కొన్ని నెలలు తక్కువ. వానికి ప్రత్యేక గృహమున మూడేండ్లు. దేశము రగిలినది. ఆ రగులుటలో న్యాయము లేదనలేము. అచ్చట చట్టము వయస్సును మాత్రమే అడిగి, వాడేమి చేసెను, ఏమి తెలిసి చేసెనని అడుగలేదు. బెంట్లీ విషయమున జరిగినదానికి ఇది తలక్రిందులైన పొరపాటు.

2015 నాటి బాలన్యాయ చట్టము ఈ రెంటికిని నడుమ దారి వెదకినది. 16 నుండి 18 ఏండ్ల నడిమివాడు ఘోరనేరమున చిక్కినచో, బాలన్యాయ మండలి వాని శారీరక మానసిక శక్తిని, ఫలితము గ్రహింపగల తెలివిని, నేరము జరిగిన పరిస్థితులను పరిశీలించి, పెద్దవానివలె విచారింపవలెనా యని నిర్ణయింపవలెను. అట్లు విచారించినను ఉరియు, విడుదలకు తావులేని యావజ్జీవమును వేయరాదు. దారి మంచిదే. కాని ఆ పరిశీలన నాలుగు ప్రశ్నల కాగితముగా ముగిసినచో ప్రయోజనము సున్న. ఈ నేరమును చేయగలవాడా యని అడిగినంత చాలదు. తోడివాని చేతిలోని కత్తి వీనికి ఎప్పుడు తెలిసినది, తెలిసినతరువాత ఎంత దూరము నడచెను, ఆపుటకో తొలగుటకో యత్నించెనా అనియు అడుగవలెను.

ఇదంతయు ఢిల్లీ లండను సంగతి యనుకొనరాదు. పల్లెలలో కొట్లాట జరిగి ఒకడు చనిపోయిన రాత్రి, ఫిర్యాదు కాగితముపై పేర్లు ఎట్లెక్కునో పెద్దలకు తెలియును. కొట్టినవారు ముగ్గురైన, అవతలి యింటి మగపిల్లలందరును ఎక్కుదురు; పై చదువునకు పట్నమునకు పోయినవాడును ఎక్కును. చట్టవిరుద్ధ సమూహమను సెక్షను దానికి వీలు కల్పించును. 1964లో సుప్రీంకోర్టు మసాల్టీ కేసున, ఇట్టి పెద్ద గుంపు నేరములలో ఒక్కని మాటపై గాక, ఇద్దరు ముగ్గురు సాక్షులు పొందికగా చెప్పినప్పుడే శిక్షించుట మేలని జాగ్రత్త చెప్పినది. కనుక సాక్షిగా నిలుచువాడు, ఎవడు ఎక్కడ నిలిచెను, ఎవని చేతిలో ఏమున్నదని చూచినంతవఱకే చెప్పవలెను. "అందరును కొట్టిరి" అను రెండు మాటల వాక్యముతో ఒక కుర్రవాని యౌవనమంతయు పోవును.

కడపట వయస్సు మాట. నేరము జరిగిన నాటి వయస్సే లెక్క, విచారణ నాటిది కాదు. తాను ఆనాటికి మైనరునని ఏ దశలోనైనను, తుది తీర్పు తరువాతనైనను, చెప్పుకొనవచ్చును. ఋజువునకు చట్టము చెప్పిన వరుస ఇది: మొదట పాఠశాలనుండి వచ్చిన జనన తేది పత్రము లేక మెట్రిక్యులేషను పత్రము, అది లేనప్పుడు పురపాలక సంఘముగాని పంచాయతిగాని ఇచ్చిన జనన పత్రము, రెండును లేనప్పుడే ఎముకల పరీక్ష. పల్లెలలో పిల్లవానిని బడిలో చేర్చుటకు వచ్చిన తండ్రి, వరదలు వచ్చిన యేడు పుట్టెననును. ఉపాధ్యాయుడు వ్రేళ్లు లెక్కపెట్టి జూన్ నెలలో ఒక తేది వేయును. ఒక యేడు ఎక్కువ వేసిన త్వరగా చేరునని ఒకరు, తక్కువ వేసిన ఉద్యోగము ఎక్కువ కాలము నిలుచునని మఱియొకరు. ఆ తేది ఎప్పుడో ఒకనాడు ఉరికిని జైలుకును నడుమ, జైలుకును ఇంటికిని నడుమ నిలువవలసివచ్చునని ఎవరును తలంపరు. ఈ జూన్‌లో బడిలో చేరు పిల్లల తల్లిదండ్రులు ముందుగా పంచాయతి జనన రిజిష్టరు చూచి, అందలి తేదినే బడిలో వ్రాయించుట ఒక పూట పని. చదువురానివారికి గ్రంథాలయమునకు వచ్చు యువకులు తోడుపోయి వ్రాయించి పెట్టవచ్చును.